కత్తిరించిన మూల

కిందటి వారం గువ్వని ఆసుపత్రి వరండాలో, గోడకి ఆనుకుని నిలబడి ఉండగా వదిలేశాం. ఆమె పిడికిట్లో ఒక ఖాళీ మాత్రల షీటు ఉంది. ఆ షీటు ఒక మూల అర్ధచంద్రంలా కత్తిరించి ఉంది.

ఆ మూల సంగతి తెలియకపోతే ఈ భయం అర్థం కాదు కాబట్టి, క్లుప్తంగా మళ్ళీ చెప్పాలి.

గువ్వకి పదహారేళ్ళు. చిన్నప్పుడు ఎవరి భుజం దొరికితే వాళ్ళ భుజం మీద వాలి నిద్రపోయేదని మామయ్య పెట్టిన పేరు అది. వీధంతటికీ అదే పేరుగా నిలిచిపోయింది. ఆమె స్నేహితురాలిని అందరూ కత్తెర అంటారు, నోరు అంత పదును. ఇద్దరూ యువసేవా పతకం కోసం ఒక పని తలకెత్తుకున్నారు. ఆడపిల్లలు తామే ముందుండి, చుట్టుపక్కలవాళ్ళకి పనికొచ్చేదీ, తాము పక్కకి తప్పుకున్నా ఆగిపోనిదీ ఏదైనా చేసి చూపితే ఇచ్చే పతకం అది. వీళ్ళు ఎంచుకున్నది పాత మందులు. అల్మారాల్లో, ఫ్రిజ్‌ల మీద, దిండ్ల కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న గడువు దాటిన మందుల్ని ఇల్లిల్లూ తిరిగి పోగుచేయడం, చిన్నపిల్లల నోట్లో పడకుండా, కాలవ నీళ్ళలో కలవకుండా ఆసుపత్రి వాళ్ళు చెత్త కాల్చే కొలిమికి పంపడం. పోగైనవాటిని గువ్వ మామయ్య తన మెడికల్ షాపు వెనక గదిలో పెద్ద రేకు డబ్బాలో ఉంచి తాళం వేసేవాడు. అవి పొరపాటున షాపు సరుకులో కలిసిపోకుండా, డబ్బాలో వేసే ప్రతి షీటుకీ ఒక మూల గుండ్రంగా కోసేది కత్తెర.

ఇస్త్రీ దుకాణం పిన్ని కూతురు చిట్టికి నిన్న ఫిట్స్ వచ్చాయి. ఏడాదిగా రానివి, వచ్చినవి ఆగలేదు. చూడటానికి వెళ్ళిన గువ్వకి పిన్ని సంచిలో కనిపించింది ఆ షీటు. ఎక్కడిదని అడిగితే, "మీ షాపులోదేనమ్మా" అంది పిన్ని.

ఎవరిచ్చారని గువ్వ అడగలేదు. షాపంటే మామయ్యే.

అప్పుడే డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు, రాత్రంతా నిద్ర లేని కళ్ళు. ఇంతకాలం అదుపులో ఉన్న జబ్బు ఇలా తిరగబెట్టిందంటే మందు మానేసి ఉంటారని పిన్నిని నిలదీసింది. మానలేదని పిన్ని ఒట్టేసింది. అందరూ ఇలాగే ఒట్లు వేస్తారని, పిల్ల ప్రాణం మీదికొచ్చాక అబద్ధమాడి ప్రయోజనం లేదని డాక్టరమ్మ విసుక్కుంది. నిజంగా వాడుతుంటే వచ్చాయా, వాడక వచ్చాయా అన్నది తేలితే గానీ తను ఏం ఎక్కించాలో తేల్చుకోలేనంది. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని, తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

గువ్వ పక్కనే నిలబడి అంతా వింది. ఓసారి చూస్తానని పిన్ని దగ్గర తీసుకున్న షీటు ఆమె పిడికిట్లోనే ఉంది. పిడికిలి విప్పితే చాలు. వేళ్ళు విచ్చుకోలేదు. నీళ్ళు తాగొస్తానని గొణిగి, వరండా దిగి బయటికి వచ్చేసింది.

గేటు దగ్గర నిలబడి కత్తెరకి ఫోన్ చేసి చెప్పింది. అవతల నుంచి చాలాసేపు మాట లేదు. మాట్లాడకుండా ఉండటం కత్తెర వల్ల అయ్యే పని కాదు. చివరికి కత్తెర, వెనక్కి తిరిగి లోపలికెళ్ళి డాక్టరుకి చెప్పెయ్యమంది. ముందు మామయ్యని అడగాలంది గువ్వ. ఏం అడుగుతావు, అమ్ముకున్నాడని తెలుస్తూనే ఉంది కదా అంది కత్తెర. గంటసేపు ఆగమని గువ్వ బతిమాలింది. "గంట దాటితే నేనే వెళ్ళి చెప్తా. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే," అని కత్తెర ఫోన్ పెట్టేసింది.

ఎండకి నెత్తి మాడుతోంది. రోజూ నడిచే వీధే. ఆ వేళ మాత్రం ప్రతి గుమ్మమూ తననే చూస్తున్నట్టు అనిపించింది గువ్వకి. ప్రతి ఇంటికీ తను వెళ్ళింది, ప్రతి ఇంట్లోనూ తను కుర్చీ వేసుకుని కూర్చుని, మందుల తారీకులు చదివి, ఇది ఉంచుకోండి, ఇది ఇచ్చెయ్యండి అని పెద్ద మనిషిలా చెప్పింది. వాళ్ళంతా నమ్మి ఇచ్చారు. మలుపు దగ్గర మేడ మీది ముసలావిడ పేరు పెట్టి పిలిచి మరీ ఆపింది. చనిపోయిన తన భర్త మందులు ఇంకో సంచెడు దొరికాయట, ఎప్పుడొస్తావా అని చూస్తోందట. గువ్వ వద్దనలేకపోయింది. ఆ సంచి పట్టుకుని నడుస్తుంటే లోపల సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. ఎవరో వెంట నడుస్తున్నట్టే ఉంది ఆ చప్పుడు.

షాపు దగ్గరికొచ్చేసరికి మామయ్య మధ్యాహ్నం భోజనానికని షట్టరు సగం దించుతున్నాడు. గువ్వని చూసి, వంగి లోపలికి రమ్మని సైగ చేశాడు.

"రావమ్మా లీడరమ్మా. రేపు పతకంవాళ్ళు వస్తున్నారని మీ డబ్బాకి ఆకుపచ్చ రంగేయించాను. తడి ఆరలేదు, ముట్టుకోకు. ముట్టుకుంటే నీ చెయ్యి కూడా పచ్చగా ఉందని నిన్ను కూడా కొలిమిలో వేసేస్తారు."

ఎప్పుడూ అలాంటి మాటలే. గువ్వ పుట్టినప్పటి నుంచీ, అమ్మ తమ్ముడైన ఈ మామయ్య షాపు పైనే వాళ్ళ కాపురం. నాన్న లారీ మీద పోతే నెలకో రెండు నెలలకో ఇల్లు చూసేవాడు. అక్షరాలు మందుల పెట్టెల మీద నేర్పింది మామయ్యే. దగ్గు మందు తియ్యగా ఉంటుందని దొంగతనంగా తాగితే చెవి మెలేసిందీ ఆయనే. పతకం సంగతి చెప్పినప్పుడు, అడక్కుండానే వెనక గది ఖాళీ చేసి ఇచ్చిందీ ఆయనే.

గువ్వ సంచి కింద పెట్టింది. పిడికిలి విప్పి, ఆ షీటు కౌంటరు అద్దం మీద పెట్టింది. చెమటకి తడిసి, రేకు నలిగిపోయింది.

మామయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, షీటు దగ్గరగా పట్టుకుని చూశాడు. కోసిన మూల మీద బొటనవేలితో తడిమాడు. ఆయన ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో గువ్వ పట్టుకోలేకపోయింది.

"ఎక్కడిది?"

"చిట్టి వేసుకుంటున్నది."

ఆయన కౌంటరు చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమెని దాటుకుని వెళ్ళి, కొక్కెం కర్రతో షట్టరుని కిందిదాకా లాగేశాడు. ఆ రేకు చప్పుడు షాపంతా మోగి ఆగింది. లోపల చీకటి. మూలనున్న ఫ్రిజ్ అద్దంలోంచి వచ్చే వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. ఆ వెలుతుర్లో మామయ్య షర్టు కనపడింది గానీ ముఖం కనపడలేదు.

గువ్వ వెనక్కి జరిగింది. వీపుకి సొరుగుల పిడులు గుచ్చుకున్నాయి. ఈయన నన్నేం చేస్తాడు అనుకుంది. మామయ్య గురించి అలాంటి ఆలోచన వచ్చినందుకే ఆమెకి ఒళ్ళు జలదరించింది.

ఇంకెవరు చూశారని అడిగాడు ఆయన. కత్తెరకి తెలుసని చెప్పింది. డాక్టరు చూసిందా అని అడిగాడు. లేదంది. పిన్నికి ఆ మూల సంగతి తెలుసా అని అడిగాడు. తెలియదంది. ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని గువ్వకి అనిపించింది. చీకట్లోంచి ఒక్కో ప్రశ్నా నెమ్మదిగా వచ్చి మీద పడుతోంది.

చివరికి ఆయన ఒక అడుగు ముందుకి వేశాడు. ఫ్రిజ్ వెలుతురు ముఖం మీద పడింది. అప్పుడు చూసింది గువ్వ. ఆయన పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"నిజం చెప్పు గువ్వా. నేనేమీ అనను. నువ్వే ఇచ్చావా ఆవిడకి?"

గువ్వ ఆయన్ని చూసి వణుకుతోంది, ఆయన తనని చూసి వణుకుతున్నాడు. కాదని తల ఊపింది. తను అడగాలనుకున్నదే ఆయన అడిగాడని అప్పుడు అర్థమైంది. అర్థమైన ఆ క్షణం కాస్త ఊపిరాడింది గానీ, ఆ వెంటనే ఇంకా పెద్ద భయం వచ్చి కూర్చుంది. మామయ్య కాకపోతే మరెవరు?

ఆయన ఇంకేమీ అనకుండా వెనక గదిలోకి వెళ్ళి లైటు వేశాడు. ఆకుపచ్చ రంగు కొత్తగా మెరుస్తున్న రేకు డబ్బా అక్కడ ఉంది. జేబులోంచి తాళాల గుత్తి తీసి, తడి రంగు చేతికి అంటుతున్నా చూసుకోకుండా మూత ఎత్తాడు. పైన నిండుగానే ఉంది. సీసాలు, గొట్టాలు, షీట్లు. ఆయన చెయ్యి లోపలికి పెట్టి వాటిని పక్కకి నెట్టాడు. కింద నలిపి ఉండలు చేసిన పాత పేపర్లు ఉన్నాయి. ఇంకా కింద ఇంకొన్ని పేపర్లు. అడుగుదాకా పేపర్లే.

ఇద్దరూ ఆ డబ్బాలోకి చూస్తూ ఉండిపోయారు.

డబ్బా తాళానికి రెండు చెవులు. ఒకటి మామయ్య గుత్తికి ఉంటుంది. రెండోది, ఇది పోతే అదైనా పనికొస్తుందని ఆయనే పైన ఇచ్చి ఉంచాడు. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చి ఉండాలి. పైన ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. మామయ్య, గువ్వ, ఇద్దరూ తలెత్తి ఇంటికప్పు వైపు చూశారు.

రోజూ మధ్యాహ్నం మామయ్య తిని కాసేపు నడుం వాలిస్తే, ఆ కాసేపూ షాపులో కూర్చునేది అమ్మే.

మెట్లెక్కుతుంటే గువ్వకి ఎక్కకూడదనిపించింది. వెనక నుంచి మామయ్య అడుగులు వినపడుతున్నాయి కాబట్టి ఎక్కింది. తలుపు తీసే ఉంది. అమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఒక బిస్కట్ల డబ్బా, పక్కన చిన్న పేపరు కవర్లు. విడి మాత్రల్ని రంగును బట్టి కుప్పలు పెడుతోంది, తెల్లవి ఒక పక్క, పసుపువి ఒక పక్క. వీళ్ళని చూసి కవర్లు దాచబోయి, మామయ్య చేతికున్న ఆకుపచ్చ రంగు చూసి ఆగిపోయింది.

"అన్నం వడ్డిస్తాను, కూర్చోండి," అంది.

ఎవరూ కూర్చోలేదు. మామయ్య షీటుని బల్ల మీద పెట్టాడు. అమ్మ దాన్ని చూసింది. ముఖంలో తప్పు చేసిన కళ లేదు. దొరికిపోయినందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు మాత్రం ఉంది.

"పారేసేవే కదా తమ్ముడూ. కాల్చి బూడిద చేసేవి. షాపు సరుకులోంచి ఒక్క బిళ్ళ ముట్టుకోలేదు నేను."

తర్వాత గువ్వ వైపు తిరిగి చెప్పుకుంటూ పోయింది. ఇస్త్రీ ఆవిడ షాపుకొచ్చి ఒక్కో మాత్రనీ బ్లేడుతో రెండు ముక్కలు చేయించుకునేదట. పొద్దున సగం, రాత్రి సగం. అలా సగం మాత్రలతో పిల్లని ఎన్నాళ్ళు కాపాడుకుంటుంది? అదే మాత్ర లోపల డబ్బాలో షీట్లకి షీట్లు పడి ఉంది. తన చేతులు ఊరుకోలేదు. తీసుకెళ్ళి ఇచ్చింది, ఒక్క పైసా అడగలేదు. డాక్టరు చూస్తే అనవసరంగా అదీ ఇదీ అంటారని తారీకు ఉన్న అంచు చింపేసి ఇచ్చింది. ఆవిడ అమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుందట. ఆ తర్వాత దర్జీ ముసలాయన మోకాళ్ళ నొప్పులని ఏడుస్తూ వస్తే ఆయనకిచ్చింది. వాచ్‌మన్ భార్యకిచ్చింది. ఇంకెవరికైనా పనికొస్తాయని మిగతావి విప్పి ఈ బిస్కట్ల డబ్బాలో పోసి, కింద వెలితి కనపడకుండా అడుగున పేపర్లు కుక్కిందట.

"తారీకు దాటినవమ్మా అవి," అంది గువ్వ.

"దాటిన మర్నాడే విషమైపోతాయా? మనింట్లో ఎన్ని వేసుకోలేదు దాటినవి? నువ్వు ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తున్నావు, నీకు పతకం ఇస్తారు. మంచిదే. నేను కూడా నలుగురికి పనికొద్దామనుకున్నాను. నాకెవరూ ఏమీ ఇవ్వనక్కర్లేదు."

ఆ మాట అన్నప్పుడు అమ్మ ముఖంలో ఒక చిన్న వెలుగు ఉంది. గువ్వ దాన్ని చూసింది. దాన్ని ఆర్పాల్సింది తనే.

"చిట్టికి నిన్నటి నుంచి ఫిట్స్ ఆగడం లేదు. ఇంకా కళ్ళు తెరవలేదు."

అమ్మ అర్థం కానట్టు చూసింది. "జ్వరమన్నారు కదే."

"జ్వరం కాదు."

అమ్మ చేతిలో ఉన్న కవరు బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టింది.

గువ్వకి ఆ షీట్లు ఏ ఇంట్లోంచి వచ్చాయో గుర్తొచ్చింది. ఒక స్నానాలగది అల్మారాలోంచి. వేణ్ణీళ్ళ ఆవిరికి చెమ్మెక్కిపోయి ఉన్నాయి. కత్తెర మూల కోస్తూ ఒక బిళ్ళని నొక్కి చూస్తే, లోపలే సుద్దముక్కలా పొడి అయిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆ సంగతి చెప్పింది. విషం కాలేదమ్మా, మందే కాకుండా పోయింది అంది. రోజూ పిన్ని పిల్లకి మందు వేస్తున్నాననుకుంటూ సుద్ద వేసింది.

అమ్మ కుర్చీలో అలాగే ఉంది గానీ కుదించుకుపోయినట్టయింది. ఆమె చూపు బిస్కట్ల డబ్బా మీద పడింది. తెల్లవి ఒక పక్క, పసుపువి ఒక పక్క. ఏది దేనికో రంగు చూసి ఎలా తెలుస్తుందని మామయ్య అడిగాడు. దర్జీకి ఏ రంగువి ఇచ్చావని అడిగాడు. తెల్లవి అంది, వినపడీ వినపడనట్టు. మామయ్య గోడకి చెయ్యి ఆనించాడు. గోడ మీద ఆకుపచ్చ మరక పడింది.

ఆ తర్వాత మామయ్య గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. డబ్బాలో ఉన్నవీ ఈ బల్ల మీదవీ అన్నీ ఇప్పుడే పెరట్లో కాల్చేద్దామన్నాడు. దర్జీ దగ్గరా వాచ్‌మన్ ఇంట్లోనూ ఏదో సాకు చెప్పి వెనక్కి తీసుకుంటే సరి. చిట్టిని డాక్టర్లు చూస్తూనే ఉన్నారు, మనం వెళ్ళి చెప్పినంత మాత్రాన కొత్తగా వాళ్ళు చేసేదేముంది? చెబితే లైసెన్సు పోతుంది, షాపు పోతుంది, ఈ ఇల్లు పోతుంది. అడిగేవాళ్ళు ముందు అడిగేది పని ఎవరి పేరు మీద జరుగుతోందని. గువ్వ పేరు మీద. తర్వాత తీసుకెళ్ళేది అక్కని. ఆయన చెడ్డవాడై చెప్పడం లేదు. భయంతో చెప్తున్నాడు. అందుకే ఆ మాటలు గువ్వకి ఇంకా బలంగా తగిలాయి. పెరట్లో ఒక అగ్గిపుల్ల గీస్తే చాలు, రేపు పతకంవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళిపోతారు.

గువ్వ ఒక్క క్షణం మనసులో ఆ అగ్గిపుల్లని చూసింది కూడా.

ఆ వెనకే, కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపుతున్న పిన్ని కళ్ళ ముందుకొచ్చింది.

"పిన్ని మందు వెయ్యడం మానేసిందనుకుంటోంది డాక్టరమ్మ. చిట్టి ఏం వేసుకుందో తెలిస్తే గానీ ఏం ఎక్కించాలో తేల్చుకోలేనంది. నేను వెళ్తున్నాను మామయ్యా."

అమ్మ చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. అమ్మ వేళ్ళు మంచులా ఉన్నాయి.

"నన్ను జైల్లో పెడతారా?"

చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. పెట్టరమ్మా అని చెప్పాలని గువ్వకి ఎంతో ఉంది. అమ్మ ఎన్నిసార్లు తనకి అలా చెప్పి పడుకోబెట్టలేదు?

"తెలీదమ్మా."

అమ్మ పట్టు వదల్లేదు. మామయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ మరో చేత్తో బల్ల మీది కుప్పల్ని బిస్కట్ల డబ్బాలోకి తోసింది. మూత బిగించింది. లేచి, డబ్బా చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. ఒక కాలు తప్పు చెప్పులో పెట్టి, మళ్ళీ తీసి సరిచేసుకుంది.

"షట్టరు ఎత్తు తమ్ముడూ," అంది.

మామయ్య ఎత్తాడు. వాళ్ళతో రాలేదు. తెరిచిన షాపులో కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుండిపోయాడు, మందుల కోసం వచ్చి నిలబడినవాళ్ళని కూడా చూడకుండా.

దారిలో గువ్వ కత్తెరకి ఫోన్ చేసింది. ఈసారి కత్తెర ఒక్క ఎదురు మాటా అనలేదు. దర్జీ దగ్గరికి పరుగెత్తింది. ఆయన నొప్పి తగ్గిందని నిన్నటి నుంచి వేసుకోవడం మానేశాడట, కవరు కత్తెర చేతికిచ్చి, ఎందుకమ్మా అని అడిగాడట. వాచ్‌మన్ భార్య అసలు విప్పనే లేదు. రెండు కవర్లూ తన దగ్గరున్నాయని కత్తెర ఫోన్ చేసినప్పుడు, నడుస్తున్న అమ్మ రోడ్డు పక్క గోడ పట్టుకుని ఆగిపోయింది. ఇంకెవరికైనా ఇచ్చావా, బాగా గుర్తు తెచ్చుకో అని అడిగింది గువ్వ. ఇంకెవరికీ లేదని అమ్మ ప్రమాణం చేసింది. ముగ్గురికే. నమ్మవే, ముగ్గురికే.

వరండాలో బెంచీ మీద పిన్ని ఒక్కతే కూర్చుని ఉంది. అమ్మని చూడగానే లేచి, "వచ్చావా అక్కా," అంటూ కళ్ళు తుడుచుకుని, కూర్చోమని పక్కకి జరిగింది. తన కష్టం చూడటానికి ఒక మనిషి వచ్చిందన్న ఊరట ఆమె ముఖంలో కనపడుతోంది. గువ్వకి అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

అమ్మ కూర్చోలేదు. డాక్టరమ్మని పిలవమని గువ్వకి చెప్పింది. డాక్టరమ్మ వచ్చాక, నిలబడే, బిస్కట్ల డబ్బా రెండు చేతులతో పట్టుకుని, మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. గువ్వ షీటు తీసి ఇచ్చి, అవి ఎక్కడ దొరికాయో, చెమ్మకి ఎలా అయిపోయాయో చెప్పింది. తను ఇందాక ఇక్కడే నిలబడి, చేతిలో పెట్టుకుని కూడా చెప్పలేదని చెప్పింది.

డాక్టరమ్మ అమ్మ వైపు చూసిన చూపుకి గువ్వ తల దించుకుంది. తిట్టడానికి కూడా ఆమె ఆగలేదు. నర్సుని కేకేసి, మందు పేరు చెప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

పిన్ని అమ్మ చేతులకేసే చూస్తోంది, తను కళ్ళకద్దుకున్న చేతులకేసి. అరుస్తుందని, మీద పడుతుందని గువ్వ కాచుకుని ఉంది. అదేమీ లేకపోవడం భరించలేక అమ్మే ముందు పిలిచింది. చెల్లెమ్మా అంది. పిన్ని ముఖం తిప్పుకుంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ ముఖం ఇందాకటి కంటే కొంచెం తేటపడి ఉంది. ఫిట్స్ ఆగాయంది. ఇంకా కళ్ళు తెరవలేదని, ఇప్పుడే ఏ మాటా ఇవ్వలేనని, కానీ ఇప్పుడు తను ఏం చేస్తోందో తనకి తెలుసని అంది. పిన్ని దగ్గరికి వెళ్ళి, ఇందాక అన్న మాటలకి ఏమీ అనుకోవద్దంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

ఈవిడకి ఎన్ని షీట్లు ఇచ్చావని అడిగింది.

"రెండండీ," అంది అమ్మ.

డాక్టరమ్మ చేతిలో ఉన్నది ఒకటి. రెండోది ఎక్కడుందో అది కూడా ఇచ్చెయ్యమని పిన్నిని అడిగింది.

పిన్ని నెమ్మదిగా బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. ఆమె కళ్ళల్లోకి, తన బిడ్డ కోసం కానిది, ఇంకేదో కొత్త భయం రావడం గువ్వ చూసింది.

"మా వరసలో చివరి గదిలో ఒకావిడ ఉండేది," అంది పిన్ని. "ఆవిడ పిల్లకీ ఇదే జబ్బు. మందు అయిపోయిందని ఏడుస్తుంటే చూడలేకపోయాను. నువ్వు నాకిచ్చినట్టే నేనూ ఇచ్చానక్కా."

ఏ గది, ఇప్పుడే వెళ్ళి తెస్తానని గువ్వ అప్పటికే రెండడుగులు వేసింది.

"ఖాళీ చేసేశారమ్మా. నిన్న పొద్దునే బస్సెక్కి వెళ్ళిపోయారు. పని దొరికిందన్నారు, ఏ ఊరో నేను అడగలేదు. వాళ్ళకి ఫోను కూడా లేదు."

పిన్ని అమ్మ ముఖంలోకి చూసి, అన్నిటికంటే మెల్లగా అంది.

"దారిలోనైనా సరే, రాత్రి మాత్ర మాత్రం మర్చిపోకుండా వెయ్యమని నేనే ఒకటికి రెండుసార్లు చెప్పి పంపించాను."